కింద రంపం పట్టినవాడు

నా చిన్నప్పుడు జరిగినవన్నీ నా డైరీల్లో ఉన్నాయని మా మనవరాలి నమ్మకం. బీరువాలో వరసగా, ఏడాది అంకె బయటికి కనపడేట్టు పేర్చి ఉంటాయి కాబట్టి ఆ పిల్ల అలా అనుకోవడంలో తప్పులేదు. కానీ నేను డైరీ మొదలుపెట్టింది పదేళ్ళు నిండాక. ఇప్పుడు చెప్పబోయేది దానికి ముందటి ఏడాది సంగతి. అది ఏ నెలో, ఏ తేదీయో నాకు తెలియదు. తేదీ వెయ్యకుండా ఒక సంగతి చెప్పడం నాకు అలవాటు లేని పని. అయినా రాసిపెట్టుకున్న రోజులన్నిటికంటే ఆ రాయని రోజే నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నాకు మా నాన్నని చూసి సిగ్గేసింది.

మా వాళ్ళు సింగపూరు వచ్చి అప్పటికే మూడు తరాలు దాటింది. మా ముత్తాత తరంవాళ్ళు విశాఖ జిల్లా వైపు నుంచి ఓడెక్కి వచ్చి, ద్వీపానికి ఉత్తరాన ఒక రబ్బరు తోటలో కుదురుకున్నారు. వాళ్ళుండిన వరస ఇళ్ళని మేము పాత లైన్లు అనేవాళ్ళం. నాకు ఊహ తెలిసేనాటికి చాలా కుటుంబాలు అక్కణ్ణించి పట్నంలో ఫ్లాట్లకి వచ్చేశాయి. ఏడాదికొకసారి సెలవు రోజు చూసుకుని, అందరూ కలిసి లారీ మాట్లాడుకుని, పులిహోర గిన్నెలతో పాత లైన్లు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు. పిల్లలకి అది పిక్నిక్. పెద్దవాళ్ళు మాత్రం అక్కడ గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఇది మొదట వచ్చినవాళ్ళు తవ్విన బావి, ఇది వాళ్ళు వండుకున్న పొయ్యి అంటూ మమ్మల్ని తిప్పేవారు.

అన్నిటికంటే చూడదగ్గది అక్కడి వంతెన. వాగు మీద పొడుగాటి చెక్క వంతెన. దాని మీద, ఇంటికి ఉన్నట్టే, ఈ చివర నుంచి ఆ చివర దాకా రేకుల కప్పు. లోపలికి అడుగు పెడితే ఎండ ఆగిపోయి చల్లగా ఉండేది. పలకల సందుల్లోంచి కింద నీళ్ళు కనపడేవి. వంతెనకి కప్పెందుకని నేను ఏనాడూ అడగలేదు. అది అలాగే ఉంటుందనుకున్నాను.

మా నాన్న ఓడరేవు గోదాముల్లో గుమాస్తా. ప్రతి ఏడూ వంతెన మధ్యకి రాగానే ఆగి, ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించి, "ఇది మా తాత కట్టిన వంతెన" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళు సంతోషంతో నవ్వుతున్నారని నేను అనుకునేవాణ్ణి. బడిలో నా స్నేహితులకి కూడా అదే చెప్పాను.

ఆ ఏడు మాతోపాటు మా నాన్న ఆఫీసరుగారు వచ్చారు. ఆయన చీనా ఆయన, నెమ్మదస్తుడు, మెడలో కెమెరా. ఆయన రావడం వెనక ఒక కథ ఉంది. మా అమ్మ నాకది చాలా ఏళ్ళ తరవాత చెప్పింది. ఆఫీసులో ఎవరో మా నాన్నని "మీ వాళ్ళు రబ్బరు చెట్లు గీసుకున్న కూలీలేగా, ఈ ఊళ్ళో మీదంటూ ఏముంది" అన్నారట. నాన్న ఉడుక్కుని, "మా తాత కట్టిన వంతెన ఇప్పటికీ నిలబడి ఉంది" అన్నాడట. పక్క గదిలో ఆఫీసరుగారు విన్నారు. ఆయనకి పాత కట్టడాలంటే ఇష్టం. ఈసారి వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్ళండి అన్నారు. కాదనడానికి నాన్నకి దారి లేకపోయింది.

లారీ దిగగానే మా వాళ్ళు ముందుగా వంతెన మొదట్లో ఉండే మామ్మ ఇంటికి వెళ్ళేవారు. పాత లైన్లలోనే ఉండిపోయిన మా వాళ్ళలో ఆవిడే పెద్ద. ఆవిడ చేతి బెల్లం కాఫీ తాగాకే ఎవరైనా వంతెన ఎక్కడం. ఆ రోజు మా నాన్న ఆవిడ గుమ్మం వైపు చూడనైనా చూడకుండా ఆఫీసరుగారిని నేరుగా వంతెన మీదికి తీసుకుపోయాడు. ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. మిగతావాళ్ళు కూడా ఏం జరుగుతుందో చూద్దామని వెనకే వచ్చారు.

"ఎవ్రీ పోస్ట్, సార్, మై గ్రాండ్‌ఫాదర్ పుట్" అంటున్నాడు నాన్న. ఆఫీసులో మాట్లాడే గొంతు అది. ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. ఆఫీసరుగారు తలెత్తి చూసి, వంతెనకి కప్పెందుకు వేశారని అడిగారు. నాన్న ఒక్క క్షణం తడబడి, "ఫర్ బ్యూటీ, సార్" అన్నాడు.

మా వెనకాల మామయ్య వరసయ్యే ఒకాయన ఉన్నాడు. ఎవర్నీ వదలకుండా ఏడిపిస్తాడు. ఆయన తెలుగులో, "ఏం బావా! పోయినేడు నాలుగు స్తంభాలన్నావు, ఈ ఏడు అన్నీనా? మీ తాత పోయాక కూడా వచ్చి పాతిపోతున్నాడేటి?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వు ఎలాంటిదో నాకు మొదటిసారి అర్థమైంది. ఇన్నేళ్ళూ ఇదే నవ్వు. నాకు చెవులు వేడెక్కాయి. నాన్న అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. నేను నా చెయ్యి నెమ్మదిగా లాక్కున్నాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన వేళ్ళు మాత్రం ఒకసారి గాలిలో నా కోసం వెతికి, ఊరుకున్నాయి.

నేను వెనక్కి నడిచి మామ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. పొయ్యి మీద పెద్ద కెటిల్ మరుగుతోంది.

"అందరూ ఒంతెన మీదికే పోనారేటి బాబూ? ఈ ఏడు నా కాపీ సేదయిపోనాదా?"

నాన్న తన ఆఫీసరుగారికి వంతెన చూపిస్తున్నాడని చెప్పాను. చెప్పి, కప్పెందుకు వేశారు, అందానికా అని అడిగాను. ఆవిడ పళ్ళులేని నోటితో పెద్దగా నవ్వింది.

"అందానికేటి? పాలకి! రబ్బరు పాలు బకెట్లలో మోసుకుని ఆ ఒడ్డు నించి ఈ ఒడ్డుకి రావాల. తోవలో వాన పడితే పాలు ఇరిగిపోయేవి. ఆ పొద్దు కష్టమంతా వాగులో పోసినట్టే. అందుకే మా మడిసి దొర ఎంట పడి ఎంట పడి, ఒంతెనకి కప్పేసి కట్టినాడు. మిగిలిన దుంగే ఇదిగో, ఈ గుమ్మం" అని తను ఆనుకున్న ద్వారబంధాన్ని అరచేత్తో తట్టింది.

ఆవిడ భర్త వడ్రంగి అని నాకు తెలుసు. ఆ ద్వారబంధం రంగూ వంతెన స్తంభాల రంగూ ఒకటే అని అప్పుడు చూశాను. నాన్న ఈ గుమ్మం ముందు ఎందుకు ఆగలేదో కూడా అప్పుడే తెలిసింది. ఆవిడ ఇచ్చిన కాఫీ గ్లాసు కిందపెట్టేశాను. తాగబుద్ధి కాలేదు.

ఇంతలో వాన. ఇక్కడి వాన సంగతి తెలిసిందే కదా, ముందు చెప్పదు. అందరూ వంతెన మీదే చిక్కుకుపోయారు. మామ్మ లేచి కెటిల్, గ్లాసుల బుట్ట అందుకుంది. "వాళ్ళు రాకపోతే నానే ఎల్తాను. గొడుగు పట్టు" అంది. నాకు వెళ్ళాలని లేదు. ఆవిడ అక్కడికి వెళ్తే ఏమవుతుందోనని భయం. గొడుగు పట్టుకుని పక్కనే నడిచాను.

రేకుల మీద వాన హోరు. మామ్మ అందరికీ కాఫీ పోస్తూ ఆఫీసరుగారి దగ్గరికి వచ్చింది. ఆయన గ్లాసు రెండు చేతులతో అందుకున్నారు. ఆ రోజుల్లో చీనావాళ్ళైనా తెలుగువాళ్ళైనా బజారు మలయ్ అందరికీ వచ్చు. ఆయన ఆ మలయ్‌లోనే, ఎంతో మర్యాదగా, "అమ్మా, మీరు పాతవాళ్ళు కదా. ఈయన తాతగారు ఈ వంతెన కట్టడం మీకు గుర్తుందా?" అని అడిగారు. ఆయనకి పరీక్ష పెట్టే ఉద్దేశం ఏమీ లేదు. నిజంగా వినాలనే అడిగారు.

ఏడిపించిన మామయ్య గ్లాసులోకి చూస్తున్నాడు. మా నాన్న పలకల సందులోంచి నీళ్ళని చూస్తున్నాడు. ఆయన మెడ వెనక భాగం ఎర్రబడి ఉంది. ఆ మెడని చూడలేక నేను మామ్మ చీర చెంగు వెనక్కి జరిగాను. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, మా నాన్న రేపు ఆఫీసులో తలెత్తుకోలేడు.

మామ్మ తొందరపడలేదు. కెటిల్ కిందపెట్టి మలయ్‌లో మొదలుపెట్టింది. మాటలు చాలక తెలుగులోకి దిగింది. మామయ్యని చూసి, "నువ్వు సెప్పు ఆయనకి, నోరుంది గదా" అంది. ఆయన కిక్కురుమనకుండా ఒక్కో మాటా మలయ్‌లో చెప్పుకుంటూ వచ్చాడు.

"ఇంత దుంగ కొయ్యాలంటే ముందు గుంట తవ్వాల. గుంట మీద దుంగ అడ్డంగా ఎట్టాల. ఒకడు దుంగెక్కి నిలబడి, గీత సూసుకుంతా రంపం పట్టాల. ఇంకొకడు గుంటలోకి దిగి కింది కొస పట్టాల. రంపం పొట్టు అంతా ఆడి కళ్ళల్లోనే. పైన నిలబడినోడు మా మడిసి. ఆడి పేరు ఇక్కడందరికీ తెలుసు. గుంటలో నిలబడినోడు" అంటూ మా నాన్న వైపు చెయ్యి చూపి, "ఈ బాబు తాత. ఆడు కింద నించి రంపం నాగకపోతే ఇయ్యన్నీ దుంగలే, ఒంతెన కాదు."

ఆఫీసరుగారు పైనున్న దూలాలని చాలాసేపు చూశారు. తరవాత మామ్మనీ మా నాన్ననీ ఒక స్తంభానికి చెరోవైపూ నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. మా నాన్న తల పూర్తిగా ఎత్తలేదు. ఫొటో అయ్యాక ఆవిడ కిందపెట్టిన కెటిల్ తీసుకుని, మిగిలినవాళ్ళందరికీ ఆయనే కాఫీ పోశాడు. మగవాళ్ళు కాఫీ పొయ్యడం అప్పటి మా వాళ్ళలో ఎవరూ చూసి ఉండరు. మామయ్య గ్లాసు చాపాడు గాని ఏమీ అనలేదు.

వాన తగ్గాక మామ్మని ఇంటికి దింపడానికి గొడుగుతో నేనే వెళ్ళాను. దారిలో ఉండబట్టలేక, మా ముత్తాత నిజంగానే గుంటలో ఉన్నాడా అని అడిగాను.

"నాను పెళ్ళయి ఓడ దిగేసరికే ఒంతెన ఉంది బాబూ. గుంటలో ఎవుడున్నాడో మా మడిసి ఏ పొద్దూ సెప్పనేదు. ఎవుడో ఒకడు ఉండే ఉంతాడు గదా. మీ ముత్తాతే అయితే నీకేటి నొప్పి?"

గుమ్మం దగ్గరికి వచ్చాక ఆవిడ ఆగి నా వైపు తిరిగింది.

"నాన్న సెయ్యి ఎందుకు ఒగ్గేసినావు? ఇక్కణ్ణించి అంతా అవుపడతాది. ఒంతెన మీద పిల్లోడి సెయ్యి ఒగ్గకూడదని తండ్రికి అందరూ సెప్తారు. కొడుక్కి ఎవులూ సెప్పరు."

అంతసేపూ నేను మా నాన్నని చూసి సిగ్గుపడుతున్నాను. ఆ మాటతో ఆ సిగ్గు చోటు మారి నా మీదికి వచ్చింది. లారీ ఎక్కేటప్పుడు నాన్న పైనుంచి చెయ్యి అందించాడు. నేను గట్టిగా పట్టుకున్నాను. నేను పైకెక్కగానే ఆయనే ముందు వదిలేశాడు. చెయ్యి ఎక్కువసేపు పట్టుకోవడం నాకు ఇష్టం లేదని ఆయన గ్రహించాడు. అది తప్పని చెప్పడానికి నాకు మాటలు లేవు, ఆ తరవాత కూడా దొరకలేదు.

మరుసటి ఏడు నాన్న ముందుగా మామ్మ గుమ్మంలో ఆగి, కాఫీ తాగి, ఆవిణ్ణి వెంటబెట్టుకునే వంతెన ఎక్కాడు. స్తంభం మీద చెయ్యి వేసి, "ఇది మామ్మ వాళ్ళాయన కట్టిన వంతెన. మా తాత కింద రంపం పట్టాడంటారు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కొన్నాళ్ళకి తోట పోయింది, వాగుని కాంక్రీటు కాలవ చేశారు, పాత లైన్లున్న చోట ఫ్లాట్లు లేచాయి.

పోయిన నెల మా మనవరాలు సెంగ్‌కాంగ్ నుంచి ఇద్దరు స్నేహితురాళ్ళతో వచ్చి, నన్ను ఒక పార్కుకి తీసుకెళ్ళింది. పాతకాలపు కంపోంగ్, అంటే ఇక్కడి పల్లె, ఎలా ఉండేదో చూపించడానికి అక్కడ కొన్ని ఇళ్ళు కట్టిపెట్టారు. ఒక కప్పు వేసిన చెక్క వంతెన కూడా ఉంది. కొత్త చెక్క, నునుపుగా ఉంది. మోకాళ్ళ నొప్పి కాబట్టి ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. వంతెన మధ్యలో ఉన్నట్టుండి స్నేహితురాళ్ళతో, "మై తాతా బిల్ట్ ద ఎమ్మార్టీ, యూ నో! ద ఫస్ట్ లైన్. ఆల్ హిమ్, లా!" అంది.

"రియల్లీ, అంకుల్?" అని ఒక పిల్ల నా వైపు తిరిగింది.

నేను ఆ మెట్రో రైలు పనుల్లో డ్రాయింగులు భద్రపరిచే గదిలో పనిచేశాను. అంతే. నా చేతిలో మనవరాలి అరచెయ్యి చెమట పట్టడం తెలుస్తూనే ఉంది. తాతకి ఏదో ఒకటి ఉండాలని ఆ పిల్ల కోరిక. మా నాన్నకి కూడా అంతే కావలసి ఉండింది.

నేల కిందికి దిగి తవ్వినవాళ్ళు వేరే ఉన్నారని, వాళ్ళ చేతికి తప్పు డ్రాయింగు వెళ్ళకుండా చూడడం నా వంతని ఆ పిల్లలకి చెప్పాను. తప్పు కాగితం వెళ్తే తప్పు చోట తవ్వుతారు కదా అన్నాను. "సో యూ ఆల్సో బిల్ట్, వాట్" అంది ఆ స్నేహితురాలు, మీరూ కట్టినట్టే కదా అన్నట్టు. మా మనవరాలు నా చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చి ఆ రోజు తేదీ వేసి ఇదంతా రాసుకున్నాను. రాస్తుంటే గుర్తొచ్చింది ఆ ఫొటో కాదు, మామ్మ జవాబు కూడా కాదు. చెమట పట్టిన ఒక చెయ్యి, వెనక్కి తిరక్కుండానే, గాలిలో నా కోసం వెతకడం. ఇప్పటికీ ఏ వంతెన ఎక్కినా నా చెయ్యి దానంతటదే పక్కకి చాపుకుంటుంది.