అన్నయ్యగారు నా పేరు మీద రాసిన ఎర్రర్

మొన్న ఆదివారం పొద్దున వదినగారు ఫోన్ చేసి, "మీ అన్నయ్యగారు వెళ్లిపోయారయ్యా" అన్నారు. నిద్రలోనే, ఏ బాధా లేకుండా పోయారట. ఫోన్ పెట్టేసి కాసేపు ఏడ్చాను. తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆయన నా మీద రాసిన ఎర్రర్ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మాకు చుట్టరికమేమీ లేదు. డెబ్భైల చివర్లో నేను జెర్సీ సిటీలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆ కంపెనీలో ఇంకో తెలుగువాడు ఆయనొక్కరే. వారం తిరక్కుండానే ఇంటికి తీసుకెళ్లి పప్పుచారు పెట్టించి, "శనివారాలు గదిలో పడుకుని ఏం చేస్తావు? మా టీమ్‌లో బేస్‌బాల్ ఆడు" అన్నారు. ఆయన ఎన్నడూ బ్యాట్ పట్టిన మనిషి కాదు. అయినా మా ఆఫీసు టీమ్‌కి మొదట్నుంచీ స్కోరర్ ఆయనే. ఇస్త్రీ చొక్కా, జేబులో చెక్కిన పెన్సిళ్లు మూడు. ఎండైనా చినుకులైనా అదే బెంచీ, అదే మూల.

ఆయనకి ఒక్కటే కోరిక. మా టీమ్ ఒక నో-హిటర్ వేస్తే తన చేత్తో రాయాలి. అంటే ఆట మొత్తంలో అవతలివాళ్లకి ఒక్క హిట్ కూడా, అంటే బంతి కొట్టి పరుగెత్తి బేస్ చేరడం, దక్కకూడదు. మా టీమ్ పుట్టాక అది ఒక్కసారీ జరగలేదు. "ఇంటికొచ్చిన చుట్టాలంతా ఒక్క ముద్దయినా తినకుండా వెళ్లిపోవడం ఎంత కష్టమో, ఇదీ అంతేనయ్యా" అనేవారు. మన ఫీల్డర్ తప్పు వల్ల బ్యాటర్ బేస్ చేరితే మాత్రం అది హిట్ కాదు, ఎర్రర్. ఏది ఏదో తేల్చేది స్కోరరే.

నేను చేరిన రెండో వేసవిలో ఒక శనివారం బంతి విసిరే మా పిచర్‌కి చెయ్యి కుదిరింది. షిప్పింగ్‌లో పనిచేసే నలభై ఏళ్లాయన, భుజం అరిగిపోయి అదే ఆఖరి సీజన్ అనుకుంటున్నాడు. ఎనిమిది ఇన్నింగ్స్ అయినా ఒక్క హిట్ రాలేదు. అలాంటప్పుడు నో-హిటర్ అన్న మాట పైకి అనకూడదని అక్కడి ఆచారం. బెంచీ మీద అందరూ మూగనోము పట్టినట్టు కూర్చున్నారు.

తొమ్మిదోది, ఆఖరి ఇన్నింగ్స్. రెండు ఔట్లు అయ్యాయి, ఇంకొక్కటి చాలు. బంతి దొర్లుకుంటూ సెకండ్ బేస్ దగ్గరున్న నా మీదికే వచ్చింది. ఎడమ చేతికి అంత గ్లవ్ ఉన్నా, గుంటూరులో పదేళ్లు క్రికెట్ ఆడిన నా కుడిచెయ్యి ఊరుకుంటుందా! వట్టి చెయ్యే ముందు పోయింది. బంతి జారింది. బ్యాటర్ బేస్ చేరాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరికీ తెలుగు రాదన్న ధైర్యంతో అక్కణ్ణుంచే అరిచాను. "అన్నయ్యగారూ, చాలా గట్టిగా కొట్టాడండీ! హిట్ రాసేయండి!" నా పరువు కోసం ఆ పిచర్ నోటికాడి కూడు లాగేస్తున్నానన్న ఇంగితం కూడా లేదు నాకు.

ఆయనా తెలుగులోనే, "నీ చెయ్యి ముందొచ్చింది, గ్లవ్ తర్వాతొచ్చింది. నేను చూశాను నాయనా" అన్నారు. తర్వాత అందరికీ వినబడేలా, "ఎర్రర్, సెకండ్ బేస్" అని చెప్పి రాసేశారు.

తర్వాతి బ్యాటర్ ఔటయ్యాడు. పిచర్‌ని అందరూ భుజాలకెత్తుకుంటే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను మాత్రం ఉడికిపోతూ వెళ్లి అన్నయ్యగారి కారు దగ్గర నిలబడ్డాను. ఆయన రాగానే, "మీకు నో-హిటర్ కావాలి, అందుకే నన్ను బలిచ్చారు" అనేశాను. అంత మాట అనాల్సింది కాదు.

ఆయనకి కోపం రాలేదు. "హిట్ అయ్యుంటే హిట్టే రాసేవాణ్ణిరా. ఏడ్చుకుంటూ రాసేవాణ్ణి" అన్నారు. ఎన్నడూ నన్ను 'రా' అనని మనిషి. కారు మీద స్కోరు పుస్తకం పెట్టి, "కుడిచెయ్యి జేబులో పెట్టుకో. గ్లవ్ తొడుక్కో" అన్నారు.

అందరూ వెళ్లిపోయిన ఆ పార్కింగ్ లాట్‌లో, చొక్కా చేతులు మడిచి, కారులోంచి బంతి తీసి నా వైపు దొర్లించడం మొదలుపెట్టారు. ఒకసారి కారు కిందకి పోయింది, ఒకసారి పొదల్లోకి పోయింది. తానే వంగి తెచ్చి మళ్లీ దొర్లించేవారు. నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు. పదో పన్నెండోసార్లు పోయాక బంతి గ్లవ్‌లో పడింది. "ఔట్!" అని రెండు చేతులూ ఎత్తి గంతేశారు చూడండి, అన్నేళ్లు ఎదురుచూసిన నో-హిటర్ రాసినప్పుడు కూడా ఆయన మొహంలో అంత సంబరం లేదు.