మిరపకాయకూ మా బావకూ ఒకే వరుస

ఊళ్ళో గోనెసంచులన్నిటి మీదా ఒకే షాపు ముద్ర చూసి, ఈ మిరపకాయలన్నీ ఒకే చేలో పండాయనుకునే మనిషి ఉంటాడా? ఉంటాడు. నరసరావుపేటలో ఉంటాడు, డిగ్రీ కాలేజీలో జీవశాస్త్రం చెబుతాడు. నేనే.

రైబోజోమ్ అంటే ప్రతి కణంలోనూ ప్రోటీన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీ గోడల్లోనూ, ఆర్‌ఎన్‌ఏతో పాటు, ప్రోటీన్లే ఉంటాయి. ఈస్టు, వరి, కోడి, మనిషి - వీటిలోని ఆ ప్రోటీన్లలో ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం చొప్పున రాసిన వరుసలను ఒకదాని కింద ఒకటి పేర్చి, ఏ ముక్క మారకుండా నిలిచిందో వెతకడం నా పరిశోధన. అది తేలితేనే పీహెచ్‌డీ. పీహెచ్‌డీ వస్తేనే నా కాంట్రాక్టు ఉద్యోగం నిలిచేది.

ఒక మధ్యాహ్నం దొరికింది. ఏ ప్రోటీన్ కుటుంబం చూసినా, ఏ జీవిని చూసినా, మొదట్లో వరసగా ఆరు 'హెచ్'లు! గైడుగారికి మెయిలు కొట్టి, ఇంట్లో మైసూర్‌పాక్ పంచాను. నకరికల్లులో మిరపకాయల వ్యాపారం చేసే మా అక్క భర్త ఆ రోజే వచ్చి ఉన్నాడు. మొహమాటపడకుండా తిన్నాడు.

అంతలో గైడుగారి ఫోను. పొగడ్త అందరూ వినాలి గదా అని స్పీకర్లో పెట్టాను.

"అది ప్రకృతి పెట్టింది కాదయ్యా! ప్రోటీన్‌ని విడిగా పట్టుకోవడానికి ల్యాబువాళ్ళు తగిలించిన తోక."

తోక తల దగ్గరుంది. తల మాత్రం నా దగ్గర లేదు.

"తోకేందిరా?" అన్నాడు బావ. సంచులు, ముద్రలు అంటూ ఆయనకు అర్థమయ్యేలా చెప్పిన తెలివైనవాణ్ణి నేనే. ఇక ఏ పెళ్ళికి పోయినా బావది ఒకటే పాట, "ఇడుగో మా బామ్మర్ది! సంచి చూసి వంగడం చెప్తాడు. చానా సదివాడు లే!"

తోకలన్నీ కత్తిరించి మళ్ళీ పేర్చాను. ఏమీ మిగలదేమోనని ఒకటే భయం. మిగిలింది. మధ్యలో, ఆర్‌ఎన్‌ఏను పట్టుకునేచోట ఒక చిన్న ముక్క. అది మారితే ఫ్యాక్టరీ ఆగిపోతుంది. అందుకే మారే సాహసం ఎవరూ చేసినట్టు లేదు. గైడుగారు మిరప వరుస కూడా చేర్చమన్నారు. అక్కడా అదే ముక్క. "ఇక రాసెయ్" అన్నారు.

రాయడానికి ముందు ఆ ముక్కని పెద్దక్షరాలతో ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, బావ షాపుకు పట్టుకెళ్ళాను. మనిషి వరుస పక్కన 'బావ' అనీ, మిరప వరుస పక్కన 'తాలుకాయ' అనీ వేయించాను. రంగుపోయి, రేటు పలకని కాయ అది. కాయలు తెచ్చిన రైతులు మూగారు.

"ఇదేంది బామ్మర్దీ?"

"మన వంశవృక్షం బావా. తేడా ఉంటే చూపించు."

బావ నిజంగానే వేలు పెట్టి వెతకసాగాడు. వెనకనుంచి ఒక రైతు అందుకున్నాడు. "ఏమయ్యోయ్, మా కాయని తాలు తాలని ఈసడిస్తావే! సొంతోళ్ళని అట్టా అనొచ్చా?"

నవ్వులు బజారు దాకా వినపడ్డాయి. నేను తెచ్చిన మైసూర్‌పాక్ పొట్లం విప్పి అందరికీ పంచాను. ఈసారి బావకు ఒక్క ముక్కే ఇచ్చాను.