చివరి బెంచీలో మా ఆయన

మా ఆయన నా క్లాసులో కూర్చుని పాఠం విన్నది జీవితంలో ఒక్కసారే. ఆ ఒక్కసారికే వారం రోజులపాటు మా ఇంట్లో వంట అయింది గానీ మాటల్లేవు.

అరవైల మొదట్లో సంగతి. మేమిద్దరం నూజివీడులో కాలేజీ లెక్చరర్లం. ఆయన చరిత్ర చెప్పేవారు, నేను బోటనీ. ఆయనది పర్మనెంటు ఉద్యోగం. నాది టెంపరరీ. ఏటా కాలేజీ తెరిచే ముందు "ఈ ఏటికి ఉండవచ్చును" అని ఒక కాగితం చేతిలో పెట్టేవారు. కాలేజీ కమిటీలో సగం మంది మామిడి తోటల ఆసాములు, మిగతా సగం కాయల వ్యాపారులు. ఒకే ఇంట్లోకి రెండు జీతాలెందుకన్నది వాళ్ళ సందేహం. ఆ సందేహం నా ముందు ఎప్పుడూ వెలిబుచ్చలేదు, మా ఆయన ముందు వెలిబుచ్చేవారు. ఆయన ఇంటికొచ్చి అది నాకు చెప్పేవారు, అదీ నవ్వుతూ. నాకు ఒళ్ళు మండేది. మా నాన్న మిషను స్కూలు హెడ్మాస్టరు. కూతురికి గాజులు చేయించాల్సిన డబ్బు పెట్టి ఎమ్మెస్సీ చదివించిన మనిషి. ఆ చదువు పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే వంకాయ ఏ కుటుంబానికి చెందిన మొక్కో పొయ్యికి చెప్పుకోవాలా?

ఆ ఏడు కొత్త ప్రిన్సిపాలుగారొచ్చారు. ఎక్కడో పెద్ద ఊళ్ళో అధ్యాపకుల శిక్షణకి వెళ్ళి, అక్కడినుంచి ఒక ఆలోచన మోసుకొచ్చారు. ప్రతి లెక్చరరూ తోటి లెక్చరరు క్లాసులో ఒక గంట కూర్చోవాలట. పాఠం ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పుకోవాలట. అలా అయితేనే మన బోధన మనకి తెలుస్తుందట. ఆ మాట వినగానే స్టాఫ్ రూములో అందరి మొహాలూ మాడిపోయాయి. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న పెద్దాయన ఒకరు, నా క్లాసులో ఎవరైనా కూర్చుంటే నాకు దగ్గొస్తుందని అప్పటికప్పుడు దగ్గి చూపించారు.

తరవాత ప్రిన్సిపాలుగారు నన్ను గదికి పిలిచి అసలు సంగతి చెప్పారు. నెలాఖరున ఆయనే వచ్చి నా క్లాసులో కూర్చుంటారు. పాఠం నచ్చితే నన్ను పర్మనెంటు చెయ్యమని కమిటీకి రాస్తారు. నచ్చకపోతే ఆ ఏడాదితో సరి, ఇక మీదట "ఈ ఏటికి" కాగితం కూడా ఉండదు. మనిషి మంచివాడే, చాలా మర్యాదగా చెప్పారు. 

ఎవరి క్లాసులో ఎవరు కూర్చోవాలన్నది మాకు మేమే తేల్చుకోవచ్చు కనక మేమిద్దరం ఒక జట్టయ్యాం. కాఫీ తాగుతూ ఒప్పందం కూడా చేసుకున్నాం. నా పాఠం అద్భుతమని ఆయన చెప్పాలి, ఆయన పాఠం అమోఘమని నేను చెప్పాలి. అక్కడితో సరి.

మొదట ఆయనే నా క్లాసుకొచ్చారు. పి.యు.సి. పిల్లలు, కాలేజీలో చేరి నిండా నెల కాలేదు. ఆగిరిపల్లి, విస్సన్నపేట, చుట్టుపక్కల పల్లెల్లో తెలుగులో పదకొండో తరగతి చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల్లో పడ్డవాళ్ళు. మా ఆయన వెనక్కి వెళ్ళి చివరి బెంచీలో ఒక ఆగిరిపల్లి కుర్రాడి పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. నేను ఆ రోజు పళ్ళ గురించి చెప్పాను. మాంజిఫెరా ఇండికా అని బోర్డు మీద రాసి, కాయని నిలువునా కోసిన బొమ్మ మూడు రంగుల సుద్దముక్కలతో వేసి, పై పొర ఎపికార్ప్, నడిమి పొర మీసోకార్ప్, లోపలి పొర ఎండోకార్ప్, ఇలాంటి పండుని డ్రూప్ అంటారని గడగడా ఇంగ్లీషులో చెప్పుకుపోయాను. శాస్త్రం శాస్త్రంలాగే ఉండాలని నా పట్టుదల. క్లాసంతా తల వంచుకుని రాసుకుంటోంది. చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. బెల్లు కొట్టగానే, ఇవాళ మా ఆయన కళ్ళు తెరుచుకుని ఉంటాయి అనుకుంటూ బయటికొచ్చాను.

సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి ఉలుకూ పలుకూ లేదు. రాత్రి వచ్చిన కల కూడా పొద్దున్నే పూసగుచ్చినట్టు చెప్పే మనిషి. అన్నం పెట్టాను. పప్పు కలుపుకుంటూ కూర్చున్నారు గానీ ముద్ద నోట్లో పెట్టుకోవడం లేదు.

"ఏంటండీ, పాఠం బాలేదా?" అన్నాను.

"బాగుంది."

"బాగుంటే ఆ మొహమేంటి?"

 ఇక ఆపుకోలేకపోయారు. "నా పక్కనున్న కుర్రాణ్ణి అడిగానోయ్, మేడమ్ గారు చెప్పింది ఏ చెట్టు గురించిరా అని."

"ఏమన్నాడు?"

"ఏదో ఇంగ్లండు చెట్టండి, మన వైపు ఉండదండి, అన్నాడు. వాళ్ళకి ఆగిరిపల్లిలో మామిడి తోట ఉంది. పుట్టిందీ పెరిగిందీ ఆ తోటలోనే."

పప్పు గిన్నె ఠపీమని కింద పెట్టాను. ఆ కుర్రాడికి చెవులు లేవా అన్నాను. మీరు పక్కన కూర్చుని కబుర్లు పెట్టుకుంటే వాడికి పాఠం ఏం వినపడుతుంది అన్నాను. ఒప్పందం ఏమయింది అన్నాను. అబద్ధం చెప్పి నీ ఉద్యోగం పోగొట్టలేను కదా అని ఆయన గొణిగారు. ఆ మాటతో నాకు కోపం ఇంకా నషాళానికెక్కింది. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను, ముందు మీ సంగతి చూస్తాను, రేపే వస్తున్నాను మీ క్లాసుకి అన్నాను.

అన్నట్టే వెళ్ళాను. మా ఆయన క్లాసంటే కాలేజీలో పేరు. పక్క గ్రూపుల పిల్లలు కూడా వచ్చి కిటికీల్లో నిలబడేవారు. ఆ రోజు ఒక యుద్ధం గురించి చెప్పారు. రాజుగారి ఏనుగు బురదలో దిగబడిపోయింది. మా ఆయనే ఏనుగై తొండం ఊపారు, మా ఆయనే మావటివాడై అంకుశంతో పొడిచారు, అంతలో రాజై మీసం మెలేశారు. క్లాసు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, నేనూ నవ్వాను. బెల్లు కొట్టాక నా పక్కనున్న అమ్మాయిని మెల్లగా అడిగాను, ఇవాళ ఏం నేర్చుకున్నావమ్మా అని.

"ఏనుగు బురదలో దిగబడిపోయిందండి."

"అది సరే. ఆ యుద్ధం ఎవరెవరి మధ్య జరిగింది? ఎవరు గెలిచారు?"

పిల్ల ఆలోచించింది. "అసలా ఏనుగు బయటికొచ్చిందో లేదో కూడా మాస్టారు చెప్పలేదండి," అంది, నిజంగానే దిగులుగా.

ఇంత మంచి మాట దొరికాక నేను ఊరుకుంటానా? సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే వడ్డించేశాను. మీ పిల్లలకి చరిత్ర రాదు, ఏనుగు వచ్చు అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. మూతి ముడుచుకుని పడక్కుర్చీలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నారు. అప్పటినుంచీ మాటల్లేవు. కూర కావాలంటే గిన్నె కేసి చూసేవారు. కాలేజీకి ఒకే రిక్షాలో, ఆయన అటు నేను ఇటు చూస్తూ వెళ్ళేవాళ్ళం. ఆదివారం చర్చిలో మగవాళ్ళొకవైపు, ఆడవాళ్ళొకవైపు కూర్చునే పద్ధతి ఆ వారం మాకు బాగా కలిసొచ్చింది.

కానీ ఇంగ్లండు చెట్టన్న మాట నన్ను వదల్లేదు. ముందు ఆ కుర్రాడి మీద మండింది, తరవాత మా ఆయన మీద మండింది, మండటానికి ఇంకెవరూ మిగల్లేదు. బియ్యం ఏరుతున్నా అదే మాట. చీమ చిటుక్కుమన్నా వినపడేలా కూర్చున్న ఆ పిల్లలంతా బుద్ధిగా ఉన్నారనుకున్నాను. పాపం, వాళ్ళు దారి తప్పి ఎక్కడో తిరుగుతున్నారు. నెలాఖరు ముంచుకొస్తోంది. ప్రిన్సిపాలుగారు కూడా పక్కవాణ్ణి అదే ప్రశ్న అడిగితే నా పని గోవిందా.

అందుకని ప్రిన్సిపాలుగారొచ్చే రోజున ఆ పాఠమే మళ్ళీ చెబుదామనుకున్నాను, ఈసారి కాయలు క్లాసులోకే తెచ్చి. బ్లేడుతో చక్కగా కోయించి, పొరలు చూపించి, అప్పుడు పేర్లు చెప్పాలి. కానీ సీజను అయిపోవచ్చింది. బజారులో కాయ కనపడటం లేదు. తెలిసిన కాయల షావుకారు ఉన్నది మా ఆయనకే. చచ్చినట్టు మాట్లాడాల్సి వచ్చింది. "ఏమండీ, రేపటికి ఒక బుట్ట మామిడిపళ్ళు కావాలి, కోసుకునేవి, గట్టివి," అన్నాను గోడ కేసి చూస్తూ. ఆయన పేపరు దించి, ఏమీ అనకుండా చొక్కా వేసుకుని వెళ్ళారు.

బుట్ట వచ్చింది. మూత తీసి చూస్తే అన్నీ రసాలు. పండి మెత్తగా, ముట్టుకుంటే చాలు అన్నట్టున్నాయి. రసం మామిడిని ఎవరైనా కోస్తారా? పిసికి, ముచ్చిక దగ్గర కొరికి, నోట్లోకి పీల్చుకోవడమే. కోసేవి తెమ్మంటే రసాలు తెచ్చారేంటండీ అన్నాను. ఊరంతా గాలిస్తే ఇవే దొరికాయన్నారు ఆయన. చరిత్ర మాస్టారికి బుట్ట పని చెప్పడం నాదే బుద్ధితక్కువ. అయినా పొద్దున్నే తీసుకెళ్ళాను, వేరే గతి లేదు.

ప్రిన్సిపాలుగారు ఆ ఆగిరిపల్లి కుర్రాడి పక్కనే కూర్చున్నారు.  తలా ఒక పండూ పంచి, ప్రిన్సిపాలుగారికీ ఒకటిచ్చి, నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదని గట్టిగా చెప్పాను, ఇంగ్లీషులో. చెప్పి, బోర్డు వైపు తిరిగి బొమ్మ వెయ్యడం మొదలుపెట్టాను.

ఆ పిల్లల్ని అనడానికి లేదు. సగం మంది హాస్టలు పిల్లలు, ఇంటి పండు తిని చాలా రోజులయింది. అసలు నూజివీడు ప్రాంతంలో పుట్టిన వాడి చేతిలో రసం పెడితే వాడి ప్రమేయం లేకుండా చెయ్యి పిసకడం మొదలుపెడుతుంది. మీసోకార్ప్ అని రాస్తుండగా వెనకాల జుర్రుమని ఒక చప్పుడు. తరవాత ఇంకోటి. తిరిగి చూద్దును కదా, క్లాసంతా కళ్ళు మూసుకుని జుర్రుకుంటోంది. ఎపికార్పులు బెంచీల మీద ఉన్నాయి. ఎండోకార్పులు చేతుల్లో ఉన్నాయి. మీసోకార్ప్ అన్నది క్లాసులో ఎక్కడా లేదు. ప్రిన్సిపాలుగారు తన పండుని రెండు చేతులతో మెల్లగా పిసుకుతూ, నేను చూడగానే ఆగిపోయారు.

అయిపోయింది నా ఉద్యోగం అనుకున్నాను. సుద్దముక్క బల్ల మీదకి విసిరికొట్టాను. ఆ క్లాసులో మొదటిసారి నా నోట తెలుగొచ్చింది.

"తిన్నారుగా? సిగ్గులేకుండా తిన్నారుగా? ఏం తిన్నారో ఇప్పుడు ఒక్కొక్కళ్ళూ లేచి చెప్పండి."

ముందు బెంచీ కుర్రాడు మూతి తుడుచుకుంటూ లేచాడు. తొక్క తినలేదండి అన్నాడు, అదేదో తన నిజాయితీకి సాక్ష్యమన్నట్టు. ఎందుకు తినలేదన్నాను. తొక్కకి సొన ఉంటుంది, మూతి పొక్కుద్దండి అన్నాడు. ఆ సొన ఎక్కడినుంచొస్తుందన్నాను. ముచ్చిక దగ్గరనుంచి అని ఒకడు, తొక్క నిండా ఉంటుందని ఒకడు. గుజ్జులో పీచు సంగతి వచ్చేసరికి ఆగిరిపల్లి వాళ్ళకీ విస్సన్నపేట వాళ్ళకీ వాదన లేచింది, మా తోట కాయకి పీచు తక్కువంటే మా తోట కాయకి తక్కువని. ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి ఒకతె లేచి, టెంక లోపల జీడి ఉంటుందండి, మొలిచేది అదేనండి, టెంక దానికి కాపలా అంది. నాకు కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. వాళ్ళు తొక్క అంటే పక్కన ఎపికార్ప్ అని రాశాను, గుజ్జంటే మీసోకార్ప్, టెంకంటే ఎండోకార్ప్. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. వాదన ఇంకా తెగలేదు మరి.

ప్రిన్సిపాలుగారు చేతిరుమాలుతో చేతులు తుడుచుకుని, పక్కనున్న ఆగిరిపల్లి కుర్రాడి వైపు తిరిగారు. నేను భయపడ్డ ప్రశ్నే అడిగారు, మేడమ్ గారు ఏ చెట్టు గురించి చెప్పారని.

వాడు లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూడలేదు, నన్ను చూశాడు. "మా చెట్టేనండి," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బోర్డు తుడిచే నెపంతో అటు తిరిగాను. ప్రిన్సిపాలుగారు వెళ్తూ వెళ్తూ నా పక్కన ఆగి, ఇక ఏటేటా కాగితం ఇవ్వక్కర్లేదమ్మా, కమిటీతో నేను చెప్పుకుంటాను అన్నారు. ఆయన పండు తొక్క కూడా బెంచీ మీదే ఉంది.

బయటికొస్తే వరండాలో, తలుపు పక్కన గోడకి ఆనుకుని మా ఆయన నిలబడి ఉన్నారు. చొక్కా చెమటకి తడిసిపోయి వీపుకి అతుక్కుంది. ఎంతసేపటినుంచీ ఉన్నారని అడిగితే మొదటినుంచీ అన్నారు. అంతా వినపడింది అన్నారు. ఆయన కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. ఆ మనిషి మీద వారం రోజులుగా పెట్టుకున్న కోపమంతా నీరుగారిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"ఇందాకటి గంట మీకు క్లాసుంది కదండీ?"

"ఉంది," అన్నారు ఆయన. "పిల్లలు పాపం ఇంకా ఎదురుచూస్తుంటారోయ్. ఇవాళ ఆ ఏనుగుని బయటికి తీస్తానని మాటిచ్చాను."