రాహుకాలం దాటాక అందిన నోటీసు

మా ఆఫీసులో అందరూ ఆయన్ను రాహుకాలం చెంగయ్య అనేవాళ్లు. మొహం మీదే అనేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. ఆహార భద్రత ఆఫీసరు సంతకం పెట్టిన నోటీసులను హోటళ్లకూ మిఠాయి అంగళ్లకూ చేర్చడం ఆయన ఉద్యోగం. చేర్చడమంటే గుమ్మంలో విసిరేసి రావడం కాదు. నోటీసులో పేరున్న మనిషి చేతికే ఇవ్వాలి, సంతకం తీసుకోవాలి, ఏ టైముకు అందిందో రాయించాలి. తీసుకోనంటే సాక్షిని పెట్టుకుని తలుపుకు అంటించాలి.

అంటించే అవసరం చెంగయ్యకు ఎన్నడూ రాలేదు. అదే ఆయన గొప్ప. మా వైపు సర్కారు కాయితాన్ని రాహుకాలంలో ఎవరూ ముట్టరు. వేరేవాళ్లయితే గొడవపడి వస్తారు. ఈయన మాత్రం అరుగు మీద కూర్చుంటాడు, వాళ్లిచ్చిన మజ్జిగ తాగుతాడు, ఆ గడియ దాటగానే సంతకం తీసుకుని వస్తాడు. ఆ మర్యాదకే జనానికి ఆయనంటే ఇష్టం. ఇంకో పట్టుదల కూడా ఉంది. కవరు లోపల ఏముందో అడగడు, చెప్పినా వినడు. మోసేవాడికి లోపలి సంగతెందుకు అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నోటీసులు టైపు చేసేది నేను. లోపలేముందో నాకు తెలుసు గదా!

ఆ మంగళవారం నేను టైపు చేసింది పుత్తూరు సిద్ధమ్మకు. ఆమె అంగడి కోవా అంటే చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా లొట్టలేస్తారు. అక్కడి నుంచి తెచ్చిన కోవా తింటే ప్రాణానికి ముప్పని ల్యాబు వాళ్లు రాశారు. అమ్మకం ఆపాలి, చేసిన సరుకు గడప దాటకూడదు అని ఆదేశం. ఆఫీసరు ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. కవరు చేతికిస్తూ నేను చెప్పబోతే చెంగయ్య నవ్వుతూ చెవులు మూసుకున్నాడు.

"నవ్వులాట కాదన్నా. యాడా కూర్చోవద్దు, నేరుగా పోయి ఇచ్చేసి రా" అన్నాను.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆయన పోయిన కాసేపటికి మనసాగక ఫోన్ చేశాను. ఆ ఫోను ఆయన టేబులు సొరుగులోనే మోగింది.

బస్సు ఆలస్యమై, పుత్తూరులో దిగేసరికి మూడు దాటింది. మంగళవారం మూడింటికి రాహుకాలం మొదలవుతుందని మా వైపు చిన్నపిల్లలకూ తెలుసు. అంగడి ముందు ఆటోలోకి కోవా తట్టలు ఎక్కిస్తున్నారు. మరునాడు నారాయణవనంలో సిద్ధమ్మ కూతురి బిడ్డకు చెవులు కుట్టే వేడుక. చుట్టాలంతా అప్పటికే అక్కడ దిగారు. కవరు చూడగానే సిద్ధమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"బిడ్డకు శుభం పెట్టుకోనుండాము. ఈ గడియలో ముట్టనప్పా. కాసేపు కూచో."

కూర్చున్నాడు మహానుభావుడు. మజ్జిగ తాగాడు. కవరు ఒళ్లో పెట్టుకుని తట్టలు ఎక్కుతుంటే చూశాడు. ఆఖరి తట్ట బరువుగా ఉంటే లేచి తనూ ఒక చెయ్యి వేశాడు. ఈ ముక్క ఎవరూ అడగకుండా ఆయనే నాకు చెప్పాడు. ఆటో వెళ్లిపోయింది. రాహుకాలం దాటాక సిద్ధమ్మ చేతులు కడుక్కుని వచ్చి సంతకం పెట్టి, టైము వేసి, కవరు చించి చదివింది. చదువుతూనే అరుగు మీద కూలబడి కూతురికి ఫోన్ చేసింది. పెళ్లంత సందడిగా ఉన్న ఇంట్లో ఆ మోత ఎవరికి వినిపిస్తుంది? చెంగయ్యే ఎవరిదో బండి వెనక ఎక్కి నారాయణవనం పరుగెత్తాడు. అప్పటికే అమ్మమ్మ పంపిన తీపి అని మొదటి ముక్క బిడ్డ నోట్లో పెట్టేశారు.

పెద్దవాళ్లు వాంతులతో పడి లేచారు. బిడ్డ లేవలేదు.

విచారణలో చెంగయ్య తెచ్చిన రసీదు చూశారు. సంతకం ఉంది, టైము ఉంది, అంతా సక్రమం. ఆయన తప్పేమీ లేదని రాశారు. ఆ రాతను టైపు చేసింది కూడా నేనే. తిట్టాలనుకుని ఆయన దగ్గరికి పోయాను. ఆయన మొహం చూశాక వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ తర్వాత మా ఆఫీసులో ఆయన్ను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

కొన్నాళ్లకు సిద్ధమ్మ లైసెన్సు రద్దు చేస్తూ నోటీసు తయారైంది. తీసుకోకపోతే అంటించాలి గనక సాక్షిగా నన్నూ పంపారు. జిగురు డబ్బా నా సంచిలో ఉంది. ఈసారి లోపలేముందని చెంగయ్య తనే అడిగాడు. చెప్పాను.

శుక్రవారం పొద్దున మేము చేరేసరికి మళ్లీ రాహుకాలమే. అంగడి మూసి ఉంది. సిద్ధమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చెంగయ్య కవరు తీశాడు గానీ చెయ్యి ముందుకు పోలేదు. అట్లాగే నిలబడ్డాడు. కాసేపు చూసి ఆమే లేచి చెయ్యి చాపింది.

"ఇయ్యప్పా. ఇంక నాకు రాహుకాలమేంది?"

ఆమె సంతకం పెట్టింది. టైము వేయించడం చెంగయ్య పని. ఆ రోజు మాత్రం నేనే గడియారం చూసి చెప్పాను.