సీసాలో తేరని తాపీ బురద

తొమ్మిది మందితో ఉన్న పడవను పట్టపగలు బురదలో దిగేసిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. జాలిపడకండి, నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

కరోనా రోజులు. సూరత్ దగ్గర తాపీ నది సముద్రంలో కలిసేచోట మా కంపెనీకి చిన్న రేవు ఉండేది. అక్కడ పూడిక తీయించాలో వద్దో చెప్పాల్సిన నిపుణులు లాక్‌డౌన్‌లో ఎక్కడో చిక్కుకుపోయారు.

"నువ్వు చూడవయ్యా," అన్నారు మేనేజర్ మూర్తిగారు.

రాజమండ్రిలో పుట్టినవాడికి నది గురించి ఒకరు చెప్పాలా? గుప్పెడు బురద తెచ్చి, గదిలో డబ్బాలోని మంచినీళ్లు సీసాలో పోసి కలిపాను. మూడు రోజులైనా తేరలేదు. 'ఇక్కడ ఒండ్రు అడుగుకు దిగదు, సముద్రంలోకే పోతుంది. పూడిక తీత దండగ' అని రిపోర్టు రాసేశాను.

మగ్గాలు మూతపడి మా పడవ మీద పనికి చేరిన కరీంనగర్ రాజయ్య ఆ సీసా చూసి నవ్వాడు.

"ఏంది సారూ, మంచినీళ్లల్ల కలిపిన్రా? జర ఉప్పేసి చూడుండ్రి."

"ఇదేమన్నా పప్పుచారా రాజయ్యా?"

పూడిక తీయకుండానే రెండు నెలలు గడిచాయి. ఓడలో క్వారంటీన్ ముగిసిన ఆరుగురు కార్మికులను తీసుకురావడానికి మూర్తిగారు, నేను, రాజయ్య పడవలో వెళ్లాం. తిరిగొస్తుంటే, ఆటు సమయంలో, రేవు ఇంకో యాభై అడుగులుందనగా పడవ జిగట హల్వాలో చెంచాలా నిలబడిపోయింది.

"ఏంటయ్యా ఇది?"

"బురదండీ."

"నీ రిపోర్టులో లేదే!"

"అది నా రిపోర్టు చదవలేదండీ."

వెనక నుంచి ఒక కార్మికుడు బేలగా అడిగాడు: "సారూ, మళ్ల పద్నాలుగు దినాలా?"

రాజయ్య తాగేనీళ్ల సీసాలో చిటికెడు బురద కలిపి, సద్దిలోని ఉప్పు వేశాడు. చూస్తుండగానే నీళ్లు విరిగిన పాలలా పలుకులు కట్టి, మడ్డి అడుగుకు దిగసాగింది. మంచినీళ్లలో ఆరడుగుల దూరం పాటించిన రేణువులు, ఉప్పు తగలగానే మాస్కులు విసిరేసి కౌగిలించుకున్నాయి! సముద్రపు ఉప్పు మా రేవులో రోజూ చేస్తున్న పని అదే. అడుసు తొక్కనేల, రిపోర్టు రాయనేల!

పోటు వచ్చి పడవ తేలేసరికి ఆరు గంటలు పట్టింది. గట్టెక్కుతూ మూర్తిగారు అన్నారు: "నువ్వు పరీక్షించింది రేవును కాదయ్యా, నీ గదిలో నీళ్ల డబ్బాను."

తాపీ సాక్షిగా ఒట్టేశాను: ఇకమీదట రుచి చూడకుండా ఏ నీటి మీదా అభిప్రాయం చెప్పను. నా పరీక్ష తప్పని మాత్రం చచ్చినా ఒప్పుకోను. ఆ డబ్బాలో ఇంతవరకూ ఒక్క పడవా ఇరుక్కోలేదు.