సరుగుడు తోపులో మా తోడికోడలు దాచిన డబ్బా

మా తోడికోడలు పోయింది. రెడ్డియార్‌పాళయంలో తన ఇంట్లో, మధ్యాహ్నం భోజనం చేసి, కుర్చీలో కూర్చుని ఫోను చూస్తూ చూస్తూ పోయింది. కబురు అంది కోసపాళయం నుంచి నేను వెళ్ళేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. ఫోను మాత్రం కుర్చీలోనే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. నేను తీయగానే తెర వెలిగింది. అందులో దారి చూపే చిన్న ముల్లు ఒకటి అటూ ఇటూ తిరిగి, ఉత్తరం వైపు ఆగింది. ఆమె ఆఖరుగా ఎక్కడికి దారి చూసుకుంటూ పోయిందో నాకు వెంటనే అర్థమైంది.

ఆ ముల్లు సంగతి చెప్పాలంటే ముందు ఆమె సరదా గురించి చెప్పాలి. దాన్ని జియోక్యాషింగ్ అంటారు. ఎవరో ఒకరు ఒక డబ్బాను ఊళ్ళో ఎక్కడైనా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఫోనులో పెడతారు. తక్కినవాళ్ళు ముల్లు చూపిన దారిన వెళ్ళి వెతుకుతారు. దొరికితే లోపలున్న చీటీ మీద సంతకం చేసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి వస్తారు. లోపల చిన్న చిన్న వస్తువులుంటాయి. ఒకటి తీసుకుంటే దానికి తక్కువ కాని మరొకటి పెట్టాలి. ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఆఫీసులో తనతో పనిచేసిన అమ్మాయి దగ్గర మా తోడికోడలు ఇది నేర్చుకుంది.

నేను మొదట కోప్పడ్డాను. "మనవలెత్తినాంక పొదల్లో దూరే పనేంది? చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అన్నాను.

"అదే అక్కా అసలు ఆట. చూసినోళ్ళు ఏమీ అనుకోగూడదు," అంది నవ్వుతూ.

నిజంగానే అది వాళ్ళ కట్టుబాటు. వెతుకుతున్నట్టు బయటివాళ్ళకు తెలియకూడదు. ఎవరైనా అటు వస్తే ఆమె చటుక్కున వంగి, "చెవికమ్మ శీల పడిపోయింది, యాడ పడిందో," అని నేల తడిమేది. పాపం, దారిన పోయేవాళ్ళు కూడా వంగి వెతికేవాళ్ళు. అబద్ధమాడినందుకు నేను ఇంటికొచ్చాక చీవాట్లు పెట్టేదాన్ని. "నువ్వు మాత్రం నిలబడి చూడలేదా? సగం పాపం నీదే," అనేది.

ఒకసారి నన్ను వాళ్ళ గుంపుతో గుడారాల్లో ఉండడానికి తీసుకువెళ్ళింది. తోట ఆసామిని ముందే అడిగి, జీడిమామిడి తోటలో గుడారాలు వేశారు. ఆకు కూడా తుంచకూడదు, చెత్త మిగలకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. నాకు ఆ పద్ధతి నచ్చింది. తెల్లవారి లేచి చూస్తే గుడారాలన్నీ ఖాళీగా ఉన్నాయి. మంచు పట్టిన చెట్ల మధ్య వాళ్ళందరూ ఒక్కొక్కరుగా నడుస్తున్నారు. అందరి తలలూ అరచేతుల వైపు వంగి ఉన్నాయి. ఒకరి మొహం ఒకరు చూడరు, నోరు విప్పరు, ఒకే చోటు చుట్టూ తిరుగుతారు. నేను పిలిచాను. ఎవరూ తల ఎత్తలేదు. మా తోడికోడలు కూడా ఎత్తలేదు. ఆ కాసేపు ఆమె నాకు తెలిసిన మనిషిలా కనిపించలేదు.

ఆ తోటలోనే ఒక పాత డబ్బా దొరికింది. మూత పగిలి, నీళ్ళు చొరబడి, చీటీ ముద్దయిపోయింది. చీమలు గుడ్లు పెట్టాయి. దాన్ని దాచిన మనిషి చాలాకాలం క్రితమే చనిపోయాడట. మా తోడికోడలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"ఆయన పోయినాంక గూడా ఫోను రా రా అని పిలస్తానే ఉండాది అక్కా," అంది. "పోయినోళ్ళు ఇట్ల పిలవగూడదు. నేను పోతే నా డబ్బాలన్నీ ఎత్తెయ్. ఒకటి గూడా విడిచిపెట్టొద్దు. నీకు లెక్క తప్పదు గదా, అందుకే నీకు చెప్తా ఉండా."

నేను సరేనన్నాను. చిన్నదానివి, నాకంటే ముందు నువ్వెందుకు పోతావని కసిరాను కూడా.

ఆమె దాచినవి ఏడు. పెద్దకర్మ అయ్యాక ఒక్కొక్కటే వెతికి తెచ్చాను. గుంపువాళ్ళు ఫోనులోంచి ఒక్కొక్క పేరూ తీసేశారు. ఆరు ఇంటికి చేరాయి. ఏడోది కాలాపేట అవతల, సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో ఉంది. ఆ రోజు కుర్చీలో ముల్లు చూపించింది దాన్నే.

ఆ డబ్బా విషయంలో ఆమె ఒక పొరపాటు చేసింది. సరుగుడు ఆకు రాలి నేలంతా ఒకే రంగులో ఉంటుంది. చూపు మందగించడంతో తాను దాచింది తనకే కనిపించేది కాదు. అందుకని పాత చీర అంచు చించి డబ్బాకు ఎర్ర పీలిక కట్టింది. పురుగు చేరకుండా చుట్టూ కర్పూరం పెట్టింది. చెట్టు మొదట్లో ఎర్రగుడ్డ, కర్పూరం వాసన ఉంటే మన ఊళ్ళల్లో ఎవరైనా ఏమనుకుంటారు? మేము మరోసారి వెళ్ళేసరికి దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, మల్లెపూలు చుట్టారు. ఎదురుగా గిన్నెలో కూడు పెట్టారు. ఆమె నవ్వలేదు. "ఇప్పుడిది నాదా, వాళ్ళదా?" అని మాత్రం అడిగి, చేయి పెట్టకుండా వెనక్కి వచ్చేసింది.

ఇప్పుడు ఆ ఏడోదాని కోసం బస్సు దిగి నేను తోపు వైపు నడిచాను. తోపు లేదు. సముద్రం రెండు పక్కలా నేలను కొరికేసింది. వేళ్ళు పైకి లేచిన మానులు నీళ్ళలో పడి ఉన్నాయి. మధ్యలో మాత్రం నాలుకలాంటి ఇసుక దిబ్బ, దాని కొసన ఒక్క చెట్టు మిగిలాయి. చెట్టు మొదట్లో ఎర్రగుడ్డ కనబడింది. ముల్లు చూడవలసిన పని లేకపోయింది.

డబ్బా మీద చేయి వేయగానే వెనక నుంచి, "ఎవరమ్మా అది?" అని గొంతు వినిపించింది. చేపలగంప పక్కన దించి, నా వయసే ఉన్న ఒకామె నిలబడింది. ఆమె తమిళంలో మాట్లాడింది. నేను తెలుగులో రాస్తున్నాను.

"ఇది మా తోడికోడలు పెట్టింది. ఆమె చనిపోయింది. తీసేస్తానని మాటిచ్చాను," అన్నాను. దాచి మాట్లాడడం నాకు చేతకాదు. "ఇందులో దేవత లేదు తల్లీ. పెన్సిలు, చీటీ, నాలుగు ఆటవస్తువులు ఉన్నాయి."

"తెలుసు," అంది ఆమె.

"ఎలా తెలుసు?"

"మొదట్లోనే తెరిచి చూశాం. మాకు మాత్రం కళ్ళు లేవా? ఉన్నవి ఉన్నట్టే పెట్టేశాం." ఆమె కొంగుతో చెట్టు మొదలు తుడిచింది. "లోపల ఏముంటే ఏమమ్మా? దీనికి అటు నేల పోయింది, ఇటు నేల పోయింది. ఇది ఉన్నచోటు పోలేదు. దీని వెనక మా ఇళ్ళున్నాయి, చూడు."

చూశాను. తాటాకు కప్పులు, రేకుల ఇళ్ళు, ఆరబెట్టిన వలలు, ముగ్గేసిన ఒక గుమ్మం. అలల తీరు గురించి, కట్టిన రాతిగోడల వల్ల ఒకచోట కోత పడి ఇంకొకచోట పడకపోవడం గురించి నాకు తెలిసినంత చెప్పాను. ఆమె ఓపికగా విని తల ఊపింది.

"నువ్వు చదువుకున్నదానివి. చెప్పింది నిజమే అయ్యుంటుంది. చచ్చిపోయిన మనిషికిచ్చిన మాట, నిన్ను ఆపను. తీసుకుపో," అంది. తరువాత అడిగింది, "దీని చోట ఏం పెట్టిపోతావు?"

ఒకటి తీసుకుంటే దానికి తక్కువ కాని మరొకటి పెట్టాలి. నా సంచిలో కళ్ళద్దాల పెట్టె, నీళ్ళ సీసా, బస్సు టికెట్టు ఉన్నాయి. వాటిలో ఏది దానికి సమానం?

నా మొహం చూసి ఆమెకు జాలేసినట్టుంది. "మా ఇంట్లో రుబ్బురాయి పొత్రం ఉంది. మా అత్త చేతిది. అది తెస్తాను," అంది. "అంతవరకు చోటు ఖాళీగా ఉండకూడదు. నువ్వు కూర్చో."

"నేనా?"

"ఇంకెవరున్నారు ఇక్కడ?" అని గంప అక్కడే వదిలి ఇళ్ళ వైపు నడిచింది.

డబ్బా ఎత్తాను. మా తోడికోడలికిచ్చిన మాట తీరింది. దాని కింద ఇసుక కొంచెం గుంట పడి, చల్లగా ఉంది. ఇలాంటివి నేను నమ్మను. అయినా చీర కుచ్చిళ్ళు సర్దుకుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఆ గుంటలో కూర్చున్నాను.

మూడు వైపులా నీళ్ళు. ఒక అల లేచి నేరుగా నా వైపే వచ్చింది. జానెడు దూరంలో ఆగి, నురగ మాత్రం ఒక క్షణం నిలిచి, వెనక్కి పోయింది. రెండోది కూడా అక్కడిదాకానే వచ్చి ఆగింది. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. కొంచెం పక్కకు జరిగితే సర్దుకుంటాయి. నేను జరగలేదు.