రాజలింగం చెయ్యి పెట్టి చూసిన కార్డు

సిరిసిల్లలో సాంచెల మెకానిక్కు రాజలింగానికి చెవులు సగం పోయి పదేళ్లయింది. ముప్పై ఐదేళ్లు ఆ మరమగ్గాల మోతలో నిలబడితే ఎవరికైనా అంతే. దాన్ని ఆయన లోటుగా ఎన్నడూ చెప్పుకోలేదు. సాంచె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడంటే ఏ బేరింగు అరిగిందో, ఏ బోల్టు వదులైందో చెప్పేస్తాడు. కార్ఖానాలో మాట ఎటూ వినబడదు గనుక అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలి బిగిస్తే ఆపమని. అరచెయ్యి చాచి గాలిలో మెల్లగా జరిపితే బాగా నడుస్తోందని. తండ్రికి సద్ది తీసుకుపోతూ బిడ్డ వందన ఆ సైగలన్నీ చిన్నప్పుడే నేర్చేసుకుంది.

వందన ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. కాలేజీల మధ్య ఆన్‌లైన్‌లో జరిగే వీడియో గేముల పోటీకి ఆమె జట్టు పేరిచ్చింది. ఆ ఆట ఫోన్లో కుదరదు. రెండేళ్లు ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బములు చేసి కూడబెట్టిన డబ్బుతో భాగాలు తానే ఏరుకుని కంప్యూటర్ బిగించుకోవాలనుకుంది. మూడు నెలలు వీడియోలు చూసి ఒక నోటుబుక్కు నింపింది. అందులో ఒక్క వస్తువు తప్పు పడినా మళ్లీ కొనే దారి లేదు.

"బాపూ, నువ్వు తోడు రా. ఊకె నిలబడు, చాలు" అంది.

"ఊకె నిలబడుడు నాకు రాదు బిడ్డా" అన్నాడు రాజలింగం.

ముందు జగిత్యాల వెళ్లారు. శ్యాంసుందర్ కంప్యూటర్ దుకాణంలో వందన నోటుబుక్కు తెరిచి ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ ఒకటొకటిగా అడుగుతుంటే ఆయన కళ్లజోడు పైకి తోసి, "గీ పిల్ల నాకే క్లాసు చెప్తున్నది గదనే అన్నా!" అన్నాడు. ఆ మాట రాజలింగానికి సగమే వినబడింది. మిగతా సగం శ్యాంసుందర్ ముఖం చూస్తేనే తెలిసిపోయింది. రాజలింగం ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

శ్యాంసుందర్ రంగురంగుల లైట్లు వెలిగే అద్దాల పెట్టె ఒకటి ముందు పెట్టాడు. "గిది తీస్కో బిడ్డా. కరెంటు సప్లై డబ్బా దీంతోని ఫ్రీ."

వందన కళ్లు ఆ లైట్ల మీద కొంచెం సేపు ఆగాయి. రాజలింగం ఆ ఫ్రీ డబ్బాను ఒక చేత్తో, నోటుబుక్కులో రాసుకున్న డబ్బాను ఇంకో చేత్తో ఎత్తి తూచాడు.

"సేటూ, గిండ్ల రాగి పెట్టిన్రా, గాలి పెట్టిన్రా? మా దిక్కు సాంచెలు షురువైనప్పుడల్లా కరెంటు పడ్తది, లేస్తది. గిది నిలబడదు."

"నేను రాసింది గూడ గా బరువుదే బాపూ" అని వందన నవ్వింది. లైట్లు లేని నల్ల పెట్టె, బరువైన డబ్బా తీసుకున్నారు.

మిగిలింది ఆట బొమ్మలను తెర మీద నడిపించే గ్రాఫిక్స్ కార్డు. కొత్తది వాళ్లకు అందదు. కోరుట్లలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే జితేందర్ దగ్గర పాతవి రెండున్నాయని తెలిసి అక్కడికి పోయారు. పనిలోనూ ధరలోనూ రెండూ ఒకటే. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోదాని మీద దుమ్ము వేలెడు మందాన ఉంది. వందన చెయ్యి మెరిసేదాని మీదికే పోయింది.

"తీస్కపోయినంక వాపస్ లేదు కాకా, ముంగట్నే చెప్తున్న" అన్నాడు జితేందర్.

"రెండూ నడిపియ్యి" అన్నాడు రాజలింగం.

మెరిసేది ముందు నడిచింది. రాజలింగం దాని అంచున రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"జ్వరం చూస్తున్నవా ఏంది కాకా?"

రాజలింగం వేళ్లు ఇంకాస్త గట్టిగా ఆనించాడు. కార్డు మీది ఫ్యాను తిరిగిన ప్రతిసారీ వేలికింద ఇసుక రేణువంత ఏదో తగులుతోంది. తర్వాత దుమ్ముదాని మీద వేళ్లు పెట్టాడు. అది నూనె పోసినట్టు సాఫీగా తిరుగుతోంది. మళ్లీ మెరిసేదాన్ని చూపించి, వందన వైపు పిడికిలి బిగించాడు.

నోటుబుక్కులో ఇట్లాంటి పరీక్ష ఎక్కడా లేదు. వందన మెరిసేదాన్ని ఒకసారి, తండ్రి పిడికిలిని ఒకసారి చూసి, "దుమ్ముది ఇయ్యన్నా" అంది.

"అగో! మెరిసేది ఇడిసిపెట్టి?" అని జితేందర్ నోరు తెరిచాడు.

మర్నాడు వందన పొద్దుటి నుంచి కూర్చుని అన్నీ బిగించింది. వాళ్ల గదికీ కార్ఖానాకూ మధ్య ఒక్కటే గోడ, కంప్యూటర్ బల్ల దానికే ఆనుకుని ఉంది. మధ్యాహ్నానికి తెర వెలిగి ఆట మొదలైంది. రాజలింగం వచ్చి పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు.

పెట్టె వణుకుతోంది.

 బిడ్డ ఇష్టపడ్డదాన్ని వద్దని, ఉన్న డబ్బంతా తన వేళ్ల మాట మీద పెట్టించాడు. మళ్లీ చెయ్యి పెట్టాడు. అదే వణుకు. పిడికిలి బిగించాడు. వందన ఆట ఆపేసింది. ఆమె ముఖం వాడిపోయింది.

అంతలో షిఫ్టు మారే వేళయింది. గోడ అవతల సాంచెలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. రాజలింగం అరచేతి కింద వణుకూ ఆగింది. పెట్టెలో ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి, సాఫీగా, కోరుట్లలో తిరిగినట్టే.

"గోడ బిడ్డా! వణికింది గోడ!" అని ఆయన గట్టిగా నవ్వాడు.

గుమ్మంలో నూలు కండెలు చుడుతున్న వందన తల్లి కొమురవ్వ మొగుడి దిక్కు చూసింది. "నాతోని కంటె సాంచెలతోనే ఎక్కువ సంసారం జేసినవ్. గుర్తు పట్టకపోతివా?"

ఆ సాయంత్రమే బల్లను గోడకు దూరంగా జరిపి, కాళ్ల కింద పాత గుడ్డ మడతలు పెట్టారు.

పోటీ రోజు అవతల సాంచెలన్నీ నడుస్తున్నాయి. రాజలింగం పని నడుమ ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆట మొదలై మూడు గంటలైనా ఎక్కడా ఆగలేదు. వందన వెనక్కి తిరగకుండానే ఎడమ చెయ్యి పైకెత్తి, అరచెయ్యి చాచి గాలిలో మెల్లగా జరిపింది.

ఆయన కార్ఖానాలోకి పోయి, సాంచెల వరసలో ఉన్న అందరికీ అదే సైగ చూపించాడు. ఏది బాగా నడుస్తోందని ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరే చెయ్యి చాచి, ఆ సైగనే తిరిగి చేశారు.